ఒక బిడ్డ కోసం టీచరూ ఇంట్లోవాళ్ళూ కలిసి కూర్చోవడం ఎలా: పిలుపు దగ్గర్నుంచి మూడో సమావేశం దాకా

“బడికి రమ్మన్నారండి, వెళ్ళాం. మావాడు చదవట్లేదన్నారు. సరేనని వచ్చేశాం. ఇప్పుడేం చెయ్యాలి?” ఈ ప్రశ్న అమలాపురం వైపు నుంచీ వస్తోంది, భీమవరం వైపు నుంచీ వస్తోంది. టీచర్లు అడిగేది ఇంకో రకం: “ఎన్నిసార్లు చెప్పినా ఇంటి దగ్గర పట్టించుకోరండి. వాళ్ళతో ఎలా మాట్లాడాలి?” రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి ఒకేచోట రాస్తున్నాను.

ఇది ఊరంతా వచ్చే పెద్ద మీటింగు గురించి కాదు. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న ఆంధ్రప్రదేశ్ అంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లో బడి ఎలా ఉందో తెలుస్తుంది. ఒక పిల్లాడు లెక్కల్లో ఎక్కడ ఆగిపోతున్నాడో అంత జనంలో తేలదు. దానికి ముగ్గురు నలుగురు కూర్చునే చిన్న సమావేశం కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అలాంటివి మూడు.

పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో సుసాన్ షెరిడాన్, థామస్ క్రాటోచ్‌విల్ అనే స్కూలు సైకాలజిస్టులు రూపొందించిన ‘కంజాయింట్ బిహేవియరల్ కన్సల్టేషన్’ దీనికి మూలం. అవసరం గుర్తించడం, కారణం వెతకడం, ప్రణాళిక నడపడం, ఫలితం చూడడం: నాలుగే మెట్లు. వాటిని మన బడులకీ మన ఇళ్ళకీ సరిపోయేట్టు కింద విడమరిచాను.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఏ సమస్యకి పనికొస్తుంది

పనికొచ్చేవి: హోంవర్కు పూర్తి కాకపోవడం, క్లాసులో రాత పని మధ్యలో వదిలెయ్యడం, వారానికి ఒకటి రెండు రోజులు బడి ఎగ్గొట్టడం, పొద్దున్నే బడికి రానని పేచీ, తోటి పిల్లలతో తరచూ గొడవ, చదవడం వెనకబడడం. రోజూ కంటికి కనపడేది, లెక్కపెట్టడానికి వీలైనది ఏదైనా ఇందులోకి వస్తుంది.

కొన్నిటికి ముందు వేరే తలుపు తట్టాలి.

బోర్డు మీది అంకెలు తప్పుగా ఎక్కించుకునే పిల్లని మొదట ముందు బెంచీలో కూర్చోబెట్టి రెండు రోజులు చూడండి. తప్పులు తగ్గితే ముందు కళ్ళు పరీక్ష చేయించాలి. పిలిస్తే పలకని పిల్లాడికి చెవులు చూపించాలి. బడికి వచ్చే ఆరోగ్య బృందానికి, అదే ఆర్‌బీఎస్‌కే వాళ్ళకి, ఈ పేర్లు రాసి ఉంచండి. వయసుకి తగ్గట్టు అక్షరాలు పట్టుబడకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో అభ్యసన వైకల్యం కూడా ఉంది. అది బద్ధకం కాదు.

ఇంట్లోగానీ బడిలోగానీ బిడ్డని కొడుతున్నారన్న, తాకరాని చోట తాకుతున్నారన్న అనుమానం ఉంటే ఈ సమావేశం పెట్టకండి. ఆ పని చేసేవాళ్ళే ఎదురు కుర్చీలో ఉండొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. చచ్చిపోతానని మాట్లాడే పిల్లల విషయంలో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416. బడిలో శరీర దండన, మానసిక వేధింపు రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నిషేధం. “మా రోజుల్లో కొట్టబట్టే చదువొచ్చింది” అన్న మాట తల్లిదండ్రుల నోటినుంచే వస్తుంది చాలాసార్లు. దానికి లొంగకండి.

2. మధ్యలో కూర్చునే మనిషి

టీచరూ ఇంట్లోవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుంటే అయిదు నిమిషాల్లో అది ఫిర్యాదు అయిపోతుంది. అందుకే మూడో మనిషి. ఆ మనిషికి సైకాలజీ డిగ్రీ ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది. రెండు వైపులా నమ్మకం ఉండాలి, ఫిర్యాదు చేసిన మనిషి అయ్యుండకూడదు.

మన దగ్గర ఈ పనికి కుదిరేవాళ్ళు: ఆ క్లాసుకి చెప్పని ఇంకో టీచరు, హెచ్‌ఎం, భవిత కేంద్రం రిసోర్స్ టీచరు, క్లస్టరులోని బడులన్నీ తిరిగే సీఆర్‌ఎంటీ (క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచరు). ప్రైవేటు బడిలో అయితే కౌన్సెలర్ లేదా కోఆర్డినేటరు.

బడి యాజమాన్య కమిటీ సభ్యుల్ని కూర్చోబెట్టొచ్చా అని అడుగుతున్నారు. ఆ కమిటీలో చట్టప్రకారం నాలుగింట కనీసం మూడొంతులు తల్లిదండ్రులే ఉంటారు కాబట్టి భయపడే ఇంటిని బడి గుమ్మం దాకా తీసుకురావడానికి వాళ్ళు బాగా పనికొస్తారు. లోపలికి మాత్రం వద్దు. ఆ ఇంటికి వాళ్ళు పక్కింటివాళ్ళో, పొలం గట్టు తగాదా ఉన్నవాళ్ళో అయ్యుంటారు. ఇంటి గుట్టు వాళ్ళ ముందు ఎవరు విప్పుతారు?

మధ్య మనిషి చేతిలో ఉండే పనులు మూడు: ప్రశ్నలు వరసలో అడగడం, అన్నది అన్నట్టు రాసుకోవడం, టైము చూడడం. సలహా ఇవ్వబుద్ధేస్తుంది, ముఖ్యంగా రిటైరైన మాస్టార్లకి. రెండో సమావేశం దాకా నోరు కట్టుకోవాలి.

మూడో మనిషి అస్సలు దొరకకపోతే టీచరే నడపొచ్చు. అప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ప్రతి ప్రశ్నకీ ముందు ఇంటివాళ్ళు చెప్పాలి, తర్వాతే టీచరు.

3. పిలుపు, వేళ, కుర్చీలు

సమావేశం సగం ఇక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది. తొందరపడకండి.

*తేదీ.* డెల్టాలో తేదీ పెట్టేముందు పొలాన్నీ గోదావరినీ చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో లంక ఊళ్ళకి వరద. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక పెరిగిందంటే పడవలు ఆగుతాయి, బడి ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, నూర్పిళ్ళు. సంక్రాంతికి ముందూ వెనకా వారం ఎవరూ దొరకరు. కనుమ నాడు కోనసీమలో ప్రభల తీర్థం, మాఘమాసంలో సఖినేటిపల్లి వైపు అంతర్వేది తీర్థం. ఏప్రిల్‌లో దాళ్వా కోతలు. మూడు సమావేశాలూ తెగకుండా సాగాలంటే నా ఓటు సంక్రాంతి సెలవులయ్యాక మార్చి మధ్య దాకా ఉన్న కాలానికి. రెండోది సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు మొదలు దాకా, దసరా సెలవులు మధ్యలో పడ్డా సరే.

*వేళ.* మీరు ఊహించకండి, అడగండి. రాత్రంతా రొయ్యల చెరువు కాపలా ఉన్న తండ్రికి పొద్దున పది అంటే నడిరాత్రి లెక్క. రొయ్యల ప్లాంటుకి వెళ్ళే తల్లికి వారం వారం షిఫ్టు మారొచ్చు. “మీకు ఏ వేళ కూలి పోకుండా ఉంటుంది?” అనే ఒక్క ప్రశ్న చాలు.

*ఎవర్ని పిలవాలి.* రోజూ ఆ బిడ్డకి అన్నం పెట్టి, నిద్రలేపి, బడికి పంపేవాళ్ళని. అది అమ్మమ్మ అయితే అమ్మమ్మనే. సంతకం పెట్టే మనిషి వేరు, చూసుకునే మనిషి వేరు అయిన ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. తల్లి గల్ఫ్‌లో ఉంటే వీడియో కాల్‌లో కలపండి. కువైట్, ఖతర్, సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర. ఇక్కడ సాయంత్రం 4:30 అంటే కువైట్‌లో మధ్యాహ్నం 2. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి ఆ వేళ ఫోను తీసే వీలు ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. వీలు లేకపోతే ఆమె తన మాట వాయిస్ మెసేజ్‌గా పంపితే సమావేశంలో వినిపించొచ్చు.

*పిలిచే మాట.* “మీవాడి గురించి మాట్లాడాలి, అర్జంటుగా రండి” అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి పిల్లాడికి దెబ్బలు పడతాయి. ఇలా చెప్పి చూడండి:

“అమ్మా, నేను నాలుగో తరగతి టీచర్నండి. బాబుకేమీ కాలేదు, కంగారు పడకండి. లెక్కల్లో కాస్త సాయం కావాలి. ఇంటి దగ్గర మీరు చూసేది ఏంటో నాకు తెలిస్తే బాగుంటుంది. ముప్పావుగంట పడుతుందండి. ఏ రోజైతే మీకు వీలు?”

ఇది క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. విడిగా ఫోన్ చెయ్యండి.

సమావేశం రోజు పొద్దున సరిచూసుకోండి:

- గది తలుపు వేసుకోవచ్చా? స్టాఫ్‌రూమ్ వద్దు, పిల్లలు తొంగిచూసే వరండా వద్దు.
- కుర్చీలన్నీ ఒకే రకమా? టీచరు కుర్చీలో, తల్లి పిల్లల బెంచీ మీద కూర్చునే ఏర్పాటు వద్దు. చేతులు కట్టుకుని నిలబడితే ముందు కూర్చోబెట్టండి, తర్వాతే మాట.
- మంచినీళ్ళు ఉన్నాయా?
- బిడ్డ నోటుపుస్తకాలు రెండు, హాజరు వివరాలు చేతిలో ఉన్నాయా?
- ఒక కొత్త 40 పేజీల పుస్తకం కొన్నారా? ఇక నుంచి ఈ బిడ్డ సంగతంతా అందులోనే.

హాజరు, చదువు, పురోగతి గురించి తల్లిదండ్రులతో తరచూ సమావేశమవడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షనులో టీచరు విధుల్లోనే ఉంది. అందుచేత దీన్ని ఎవరూ ఎవరికీ చేసే ఉపకారంగా మాట్లాడక్కర్లేదు.

4. మొదటి సమావేశం: ఒక్క విషయం ఎంచుకోవడం

ముప్పావుగంట. వరస తప్పకండి, ఎందుకంటే ఈ వరసే పద్ధతి.

*మెట్టు 1. బిడ్డకి వచ్చినవి (అయిదు నిమిషాలు).* “మీ బాబు దేనిలో చురుగ్గా ఉంటాడండి?” అని ఇంటివాళ్ళని అడగండి. పడవ తాడు కట్టడం, లేసు అల్లే అమ్మమ్మకి దారం సూది అందించడం, మేకల లెక్క తప్పకపోవడం, ఏదైనా రాసుకోండి. టీచరు కూడా ఒకటి చెప్పాలి, బడిలో చూసింది. “మంచివాడేనండి కానీ” అని మొదలుపెట్టకూడదు. ఇక్కడ దొరికిన మాటలు రెండో సమావేశంలో పనికొస్తాయి, మర్యాదకి అడిగేవి కావు.

*మెట్టు 2. ఇద్దరి బాధా వినడం (పది నిమిషాలు).* ముందు ఇల్లు, తర్వాత బడి. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు జవాబు చెప్పుకోకూడదు. జవాబు వచ్చేస్తుంటే మధ్య మనిషి “రాసుకున్నానండి, మీ వంతు వస్తుంది” అనాలి.

*మెట్టు 3. ఒకదాన్ని ఎంచుకోవడం (అయిదు నిమిషాలు).* చదవడు, ఆడతాడు, అబద్ధాలాడతాడు, ఫోను వదలడు: నాలుగు వస్తాయి. ఒకటే తీసుకోండి. ఇంటా బడిలో రెండుచోట్లా కనపడేదాన్ని తీసుకుంటే మంచిది. మిగతావి పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచితే, తమ మాట గాల్లో పోయిందన్న బాధ ఎవరికీ ఉండదు.

*మెట్టు 4. కంటికి కనపడేలా చెప్పడం (పది నిమిషాలు).* అన్నిటికంటే కష్టమైంది ఇదే. “శ్రద్ధ లేదు”, “మొండి”, “బుర్ర పెట్టడు” అనే మాటలు లెక్కకి దొరకవు. ఏ మాట వచ్చినా మధ్య మనిషి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “అప్పుడు నేను అక్కడుంటే ఏం చూస్తానండి?”

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. లంక ఊళ్ళో నాలుగో తరగతి పిల్లాడనుకోండి. తల్లి కువైట్‌లో, తండ్రి చెరువు మీద, ఇంట్లో అమ్మమ్మ.

మధ్య మనిషి: “లెక్కలు రావన్నారు. అంటే ఏం జరుగుతుందండి మేడమ్?”
టీచరు: “అయిదు లెక్కలు ఇస్తే ఒకటో రెండో చేసి ఊరుకుంటాడు. అడిగితే తల దించుకుంటాడు.”
మధ్య మనిషి: “ఇంటి దగ్గర ఎలాగమ్మా?”
అమ్మమ్మ: “పుస్తకం తీత్తాడండి. తీసి అలా చూత్తా కూకుంటాడు. నాకా చదువు రాదు. మా చెల్లి మనవరాలొచ్చి రాసేసి పోద్ది.”

ఇప్పుడు రాసుకోవాల్సిన వాక్యం: “అయిదు లెక్కలు ఇచ్చినప్పుడు తనంతట తాను ఎన్ని పూర్తి చేస్తున్నాడు.” బడిలో, ఇంట్లో అదే కొలత. “తప్పయినా సరే, చివరిదాకా చేస్తే చేసినట్టే” అని కూడా ఇప్పుడే తేల్చుకోండి, లేకపోతే వారం తర్వాత దాని మీదే వాదన.

*మెట్టు 5. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రాస్తారు (పది నిమిషాలు).* చదువు రాని అమ్మమ్మని గీతలు గియ్యమనండి. తలుపు వెనక క్యాలెండరు మీద ఒక లెక్కకి ఒక గీత. రోజూ పట్టే టైము రెండు నిమిషాలు దాటితే ఆ కొలత మార్చండి, ఎవరూ చెయ్యరు.

చివరి నిమిషాలు మిగిలాయా, రెండో సమావేశం తేదీ రాసేసుకుని లేవండి. పరిష్కారాల జోలికి ఈ రోజు వెళ్ళొద్దు. ట్యూషన్ పెట్టిస్తామని తండ్రి అంటే “వారం ఆగండి, ఎందుకో తెలిశాక చూద్దాం” అనండి.

5. వారం రోజుల లెక్క

ఈ వారం దేన్నీ మార్చకూడదు. కొత్త తిట్టు వద్దు, కొత్త బహుమతి వద్దు. ఇప్పుడున్నది ఉన్నట్టు తెలియాలి.

మన ఉదాహరణలో బడి లెక్క ఇలా వచ్చిందనుకోండి:

- సోమవారం 2
- మంగళవారం 1
- బుధవారం 4
- గురువారం 2
- శుక్రవారం 1

సగటు తియ్యకండి. ఇక్కడ సగటూ 2 అనే వస్తుంది కానీ, చాలాసార్లు ఒక్క మంచి రోజు సగటుని పైకి లాగేస్తుంది. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి (1, 1, 2, 2, 4) మధ్యలోది తీసుకోండి: 2. ఇదే మొదటి లెక్క.

తర్వాత తేడాగా ఉన్న రోజుని పట్టుకోండి. బుధవారం ఏం జరిగింది? అంకె పక్కన టీచరు రెండు మాటలు రాసుంటేనే ఇది తెలుస్తుంది. ఆ రోజు ఇచ్చినవన్నీ ఉత్త కూడికలు, తీసివేతలు. మిగతా రోజుల్లో “రాము దగ్గర 48 కొబ్బరికాయలు ఉన్నాయి” లాంటి మాటల లెక్కలు.

వరదో తుపానో వచ్చి మధ్యలో మూడు రోజులకంటే ఎక్కువ బడి మూతపడితే ఆ వారం వదిలేసి కొత్తగా మొదలుపెట్టండి. పునరావాస కేంద్రంలో పడుకుని వచ్చిన పిల్లాడి అంకెలు ఏ సంగతీ చెప్పవు.

6. రెండో సమావేశం: ఎందుకో వెతికి, ప్రణాళిక రాయడం

ఇది గంట. ముందు అంకెలు బల్లమీద పెట్టండి. రెండు లెక్కలూ పక్కపక్కన చూడగానే గొంతులు తగ్గుతాయి. “నేను చెప్తే నమ్మలేదు” అని ఎవరూ అనక్కర్లేకుండా పోతుంది.

మూడు ప్రశ్నలు, ఇదే వరసలో:

- అది జరగడానికి ముందు ఏముంది? ఏ వేళ, ఎవరి పక్కన, ఎలాంటి పని?
- సరిగ్గా ఏం చేశాడు?
- వెంటనే ఏమైంది? ఎవరేం చేశారు? దానివల్ల వాడికి ఏం దొరికింది, ఏం తప్పింది?

మన పిల్లాడి విషయంలో మొదటి ప్రశ్నకే ముడి విడిపోయింది: మాటల లెక్క వస్తేనే ఆగుతున్నాడు. మూడో ప్రశ్నకి: బడిలో ఆగగానే పక్కవాడు పుస్తకం చూపిస్తున్నాడు, ఇంట్లో చుట్టాలమ్మాయి రాసిపెడుతోంది. రెండుచోట్లా చదవడం తప్పింది. లెక్కలు రాకపోవడం కాదిది, తెలుగు వాక్యం చదివి అర్థం చేసుకోలేకపోవడం. లెక్కల ట్యూషన్ పెట్టించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకోండి.

ఇక్కడ జాగ్రత్త. కారణం అనేది మార్చగలిగినదై ఉండాలి. “తల్లి దగ్గర లేదు కదండీ, అందుకే” అనేది నిజమే కావచ్చు, కానీ వచ్చే సోమవారం ఆమె విమానం దిగదు. ఆ మాట వచ్చినప్పుడు అమ్మమ్మ ముఖం చూడండి, వీడియోలో తల్లి ముఖం చూడండి. “ఉన్నవాళ్ళతో ఏం చేద్దాం?” అని మాట తిప్పండి.

ప్రణాళిక ఒక్క పేజీ దాటకూడదు. ఇలా ఉంటుంది:

*బడిలో.* మాటల లెక్క టీచరు ఒకసారి పైకి చదువుతారు. పిల్లాడు అంకెల కింద గీత గీసి, ఏం అడిగారో తన మాటల్లో చెప్తాడు. మొదటి రెండు లెక్కలకి అర్థం చేసుకోవడంలో మాత్రమే సాయం, చెయ్యడం వాడే. మిగతా మూడూ పూర్తిగా సొంతంగా. ఆగితే తల దించుకోకుండా చెయ్యి ఎత్తాలి. పక్కవాడి పుస్తకం చూడకూడదు.

*ఇంట్లో.* సాయంత్రం పది నిమిషాలు ఒకటో, రెండో తరగతి తెలుగు పుస్తకం పైకి చదవాలి. అమ్మమ్మ పక్కన కూర్చుని లేసు అల్లుకుంటూ వింటుంది. ఆగిన మాట కింద పెన్సిల్ గీత పెట్టమంటుంది. ఆ గీతలే మర్నాడు టీచరుకి కావలసిన సమాచారం. చుట్టాలమ్మాయి వస్తే చదివి వినిపించొచ్చు, రాసిపెట్టకూడదు.

*రెండుచోట్లా.* రోజూ ఇంటికీ బడికీ తిరిగే ఒక చిన్న అట్టముక్క. దాని మీద ఆ రోజు అంకె, ఒక సంతకం లేదా గీత. వ్యాఖ్యలు రాయకూడదు. “ఈ రోజు కూడా అంతే” అని టీచరు ఒక్కసారి రాస్తే ఆ అట్టముక్క మర్నాడు కాలవలో తేలుతుంది.

*గురి.* 2 నుంచి ఒకేసారి 5కి ఎగరకండి. మొదటి వారం 3, నాలుగో వారానికి 4. నాలుగు చాలు.

*మెప్పు.* డబ్బులు, కొత్త ఫోను వద్దు. బడిలో గంట కొట్టే అవకాశం, ఆటల పీరియడ్లో బ్యాటు ముందు పట్టడం. ఇంట్లో అయితే వారంలో నాలుగు రోజులు గురి అందితే ఆదివారం పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు). మొదటి సమావేశంలో రాసుకున్న ‘వచ్చినవి’ ఇప్పుడు తియ్యండి, మెప్పు అందులోంచే దొరుకుతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను: అమ్మ ఫోన్ కాల్‌ని బహుమతిగా పెట్టకండి. గురి అందలేదని దూరాన ఉన్న తల్లి గొంతు వినిపించకపోవడం శిక్ష అవుతుంది. కాల్ ఎప్పటిలాగే రావాలి. అందులో ఆమె అడగాల్సింది కూడా “ఎన్ని మార్కులు?” కాదు, “ఇవాళ ఏ కథ చదివావు?”

లేచేముందు ఒక్కొక్కరూ తమ పని ఏంటో తమ నోటితో చెప్పాలి. అమ్మమ్మ చెప్పలేకపోతే తప్పు అమ్మమ్మది కాదు, ప్రణాళిక పెద్దదైంది. కొట్టెయ్యండి, తగ్గించండి.

పదేళ్ళు దాటిన పిల్లలైతే చివరి పది నిమిషాలు వాళ్ళని లోపలికి పిలిచి, ఏం అనుకున్నారో చెప్పి, ఒక్క మార్పయినా వాళ్ళని చెయ్యనివ్వండి.

7. నాలుగు వారాలు నడపడం

మొదలైన మూడో రోజు మధ్య మనిషి రెండు వైపులా ఫోన్ చెయ్యాలి. “ఎలా ఉంది?” అంటే “బాగుందండి” అంటారు, అది మర్యాద. “నిన్న సాయంత్రం ఏ పేజీ చదివాడండి?”, “ఇవాళ మొదటి లెక్క మీరు చదివి వినిపించారా?” అని అడిగితే జరుగుతోందో లేదో తెలుస్తుంది.

తర్వాత వారానికోసారి చాలు. అంకెలు పెరగకపోతే ముందు అనుమానించాల్సింది ప్రణాళిక జరిగిందా అన్నది. పిల్లాడి మీద అనుమానం ఆ తర్వాతే. నలభై మంది ఉన్న క్లాసులో టీచరుకి రోజూ కుదరకపోవచ్చు. వారానికి మూడు రోజులే చేస్తానంటే మూడు రోజులే రాయండి.

8. మూడో సమావేశం

అరగంటలో అయిపోతుంది. అంకెలు చూసి మూడింట్లో ఒకటి తేల్చండి.

గురి అందింది: సాయం ఒక్కసారిగా తీసెయ్యకండి. మొదటి రెండు లెక్కల సాయం ఒకదానికి తగ్గించండి, అట్టముక్క రోజు విడిచి రోజు.

పెరిగింది కానీ అందలేదు: ప్రణాళిక అదే, ఇంకో మూడు వారాలు.

కదలలేదు, ప్రణాళిక మాత్రం సరిగ్గానే జరిగింది: మనం అనుకున్న కారణం తప్పు. 6వ అంశంలోని మూడు ప్రశ్నల దగ్గరికి తిరిగి వెళ్ళండి. రెండోసారీ కదలకపోతే భవిత కేంద్రానికో, జిల్లా ఆసుపత్రికో పంపే మాట ఇప్పుడు ఎత్తండి. చేతిలో అన్ని వారాల అంకెలు ఉంటాయి కాబట్టి అక్కడి వాళ్ళకి కూడా పని తేలిక.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*తండ్రి వచ్చి మొత్తం తనే మాట్లాడతాడు, తల్లి నోరు విప్పదు.* “సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఏం జరుగుతుందమ్మా?” అని తల్లికి మాత్రమే తెలిసే ప్రశ్న, పేరు పెట్టి అడగండి.

*ప్రతిదానికీ “అలాగేనండి, మీరెలా చెప్తే అలాగే” అంటారు.* ఇది ఒప్పుకోలు కాదు, తొందరగా బయటపడాలని. “ఇందులో మీ ఇంట్లో కుదరనిది ఒక్కటి చెప్పండి” అని అడగండి. ఒకటి చెప్పాకే నిజమైన మాట మొదలవుతుంది.

*పక్క పిల్లలతో పోలిక.* “మీ అన్నయ్యగారి అమ్మాయి చూడండి” అన్న మాట టీచరు నోట వచ్చిందంటే ఆ ఇంటి తలుపు మూసుకుంది. మధ్య మనిషి ఆపాలి, నవ్వుతూ అయినా సరే.

*సంగతి ఊళ్ళోకి పాకింది.* లోపల విన్నది బయట చెప్పకూడదని మొదటి నిమిషంలోనే అనుకోవాలి. పాకాక చేసేది ఒకటే: ఎవరి వల్ల అయిందో వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి ఒప్పుకోవడం.

*పరీక్షలు దగ్గర పడ్డాయని అట్టముక్క ఆపేశారు.* పరీక్షల వారం ఆపొచ్చు. తిరిగి మొదలుపెట్టే తేదీ దాని మీదే రాసి ఆపండి.

*తాగి వచ్చిన తండ్రి.* కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఇంకో రోజు పెట్టుకుందామని పంపెయ్యండి. ఆ రోజు పిల్లాడి పేరే ఎత్తకండి.

10. పుస్తకం అప్పగింత

ఏప్రిల్‌లో బడి మూసేముందు ఆ 40 పేజీల పుస్తకంలో చివరి పేజీ రాయండి: ఏది పనిచేసింది, ఏది పనిచెయ్యలేదు, చివరి పేజీకి తోసిన మిగతా మూడు విషయాల్లో ఏది ఇంకా మిగిలుంది. ఒక పేజీ చాలు.

ఇంటివాళ్ళని అడిగి, సరేనంటేనే కొత్త టీచరుకి ఇవ్వండి. బిడ్డ వేరే బడికి, ముఖ్యంగా అయిదో తరగతి అయి ఇంకో ఊళ్ళో హైస్కూలుకి వెళ్తుంటే, పుస్తకం ఇంటివాళ్ళ చేతికే ఇచ్చి, జూన్‌లో బడి తెరిచిన రెండో వారంలో కొత్త క్లాస్ టీచరుకి చూపించమనండి. మొదటి వారంలో పుస్తకాలు, యూనిఫాం కిట్ల పంపకాల హడావుడి. అప్పుడిస్తే బీరువాలోకి పోతుంది.